కారు డయాగ్నస్టిక్ అడాప్టర్లు, బైపాస్ కేబుళ్లు: ఏది ఎవరికి పనికొస్తుంది?

2018 తరువాత అమెరికా రోడ్ల మీదికి వచ్చిన జీప్ రాంగ్లర్‌కు మామూలు స్కానర్ అడాప్టర్ తగిలిస్తే, చెక్ ఇంజిన్ లైటు ఎందుకు వెలిగిందో చెప్పే కోడ్ క్షణాల్లో తెర మీదికి వస్తుంది. అదే కోడ్‌ను చెరిపేయమని నొక్కితే మాత్రం కారు ఒప్పుకోదు. అడాప్టర్ నాసిరకమేమోనని ఇంకొకటి కొనేవాళ్లను చూశాను. రెండోదీ అదే జవాబు చెబుతుంది, ఎందుకంటే అడ్డు ఉన్నది అడాప్టర్‌లో కాదు, కారులో. ఈ రోజుల్లో డయాగ్నస్టిక్ పరికరం కొనే మనిషి ధర, బ్రాండు చూసే ముందు తెలుసుకోవలసినవి రెండున్నాయి: తాను మాట్లాడదలచుకున్న మాడ్యూల్ (ఇంజిన్, బ్రేకుల వంటి ఒక్కో భాగాన్ని నడిపే చిన్న కంప్యూటర్) ఏ వైర్ల మీద ఉంది, ఆ వైర్లకూ తనకూ మధ్య తయారీదారు ఏమైనా అడ్డు పెట్టాడా. ఆ అడ్డును తప్పించి అడాప్టర్‌ను నేరుగా ఆ వైర్లకు కలిపేదే బైపాస్ కేబుల్. నేను వాడిన, దగ్గరుండి చూసిన కొన్ని అడాప్టర్లనూ కేబుళ్లనూ ఈ రెండు ప్రశ్నలు పెట్టే ఇక్కడ సమీక్షిస్తున్నాను.

స్టీరింగ్ కింద, పెడళ్లకు పైన కనిపించే 16 పిన్నుల సాకెట్ అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరి అయింది. మన దేశంలో బీఎస్-4 కార్లకు ఓబీడీ-2 (కారు తన లోపాలను తనే పసిగట్టి ఈ సాకెట్ ద్వారా చెప్పే పద్ధతి) నిబంధన 2013 ఏప్రిల్ నుంచి వచ్చింది. సాకెట్ ఆకారం అన్ని కార్లకూ ఒకటే కాబట్టి ఏ అడాప్టరైనా ఏ కారులోనైనా దూరుతుంది, దూరింది కాబట్టి పని చేస్తుందనే నమ్మకం కూడా దానితోపాటే వస్తుంది. 4, 5 పిన్నులు గ్రౌండు, 16వ పిన్ను బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే కరెంటు, 6, 14 పిన్నులు ఇంజిన్ తదితర మాడ్యూళ్లు మాట్లాడుకునే క్యాన్ లైను. ఇంతవరకు ప్రమాణం. చట్టం అడిగేది పొగకు సంబంధించిన సమాచారం మాత్రమే. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు, ఏసీ, తాళాల మాడ్యూళ్లను ఏ పిన్నుల మీద పెట్టాలో తయారీదారు ఇష్టం. అందుకే 3, 11 పిన్నుల మీద ఫోర్డ్ రెండో క్యాన్ లైను నడిపితే, బీఎండబ్ల్యూ అవే పిన్నుల మీద, 12, 13తో కలిపి, ఈథర్నెట్ నడుపుతుంది. ఒక కారు కోసం వైరింగ్ మార్చి తయారు చేసిన కేబుల్‌ను ఇంకో కారుకు పెట్టకూడదని గట్టిగా చెప్పడానికి ఇదే కారణం.

ముందుగా అందరి చేతికీ వచ్చే చవక అడాప్టర్ గురించి. నీలం రంగులో లోపలి దీపాలు కనిపించే చిన్న బ్లూటూత్ డబ్బా ఐదారు వందల రూపాయలకే దొరుకుతుంది, దాని మీద ఈఎల్‌ఎం327 అని, వెర్షన్ 1.5 అనో 2.1 అనో రాసి ఉంటుంది. అసలు ఈఎల్‌ఎం327 అనేది కెనడాలోని ఈఎల్‌ఎం ఎలక్ట్రానిక్స్ తయారు చేసిన చిప్పు. దాని తొలి వెర్షన్‌కు కాపీ రక్షణ లేకపోవడంతో నకళ్లు పుట్టుకొచ్చాయి, అసలు కంపెనీ 2022లో మూతపడినా ఆ పేరుతో నకళ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. విచిత్రమేమిటంటే 1.5 అనే వెర్షన్‌ను ఆ కంపెనీ ఎప్పుడూ విడుదల చేయలేదు. డబ్బా మీద ఆ అంకె ఉందంటే అది నకలనే అర్థం. 2.1 అని ఉన్నది కొత్తది కాబట్టి మేలైనదనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు, ఆ అంకె వేసుకున్న నకళ్లలో చాలావాటికి 1.4 వెర్షన్ ఆదేశాలు కూడా పూర్తిగా తెలియవు.

నకలు ఎక్కడ తప్పుతుందో చూడాలంటే ఫోన్‌లో ఏదైనా బ్లూటూత్ టెర్మినల్ యాప్ తెరిచి నేరుగా ఆదేశాలు పంపితే చాలు. ఏటీఐ అని పంపితే తన పేరు చెప్పుకుంటుంది, ఆ పేరు ఎలాగూ అబద్ధమే. ఏటీఆర్‌వీ అని పంపితే 16వ పిన్ను దగ్గరి వోల్టేజి చెప్పాలి. మల్టీమీటర్ పెట్టి కొలిస్తే రెండింటికీ సగం వోల్టుకు పైగా తేడా ఉన్న డబ్బాలు నేను చూశాను, అలాంటిదాన్ని నమ్మి బ్యాటరీ మార్చుకుంటే డబ్బు దండగ. ఏటీపీపీఎస్ అని పంపినప్పుడు అసలు చిప్పు తన సెట్టింగుల పట్టికను వరుసగా చూపిస్తుంది, నకలు సాధారణంగా ఒక ప్రశ్నార్థకం వేసి ఊరుకుంటుంది. ఆ ప్రశ్నార్థకమే దాని అసలు వయసు చెబుతుంది. ఇంజిన్ ఉష్ణోగ్రత, వేగం, మామూలు కోడ్లు చదవడానికి టార్క్, కార్ స్కానర్ లాంటి యాప్‌లతో ఈ డబ్బా సరిపోతుందని ఒప్పుకుంటాను. జవాబు పొడవై ముక్కలు ముక్కలుగా వచ్చేచోట, అంటే మాడ్యూల్ సెట్టింగులు చదివేటప్పుడు, రాసేటప్పుడు, ఇది మధ్యలో ముక్కలు పోగొట్టుకుంటుంది. చదివేటప్పుడు పోతే విసుగు, రాసేటప్పుడు పోతే మాడ్యూలే మూగబోవచ్చు. కాబట్టి ఈ డబ్బాతో కారులో ఏదీ రాయవద్దు.

ఇక ఫోర్డ్. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ భారత్‌లో తయారీ ఆపేస్తున్నట్లు ప్రకటించిన తరువాత ఎకోస్పోర్ట్, ఫిగో, ఎండెవర్ యజమానులు తమ కారును తామే అర్థం చేసుకోవలసిన అవసరం పెరిగింది, ఫోర్డ్ మాడ్యూళ్లను చదివే, వాటి సెట్టింగులు మార్చే ఫోర్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేర్ హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఫోర్డ్ బండ్లున్న వాళ్ల నోళ్లలో నానడానికి అదే కారణం. ఫోర్డ్‌లో 6, 14 పిన్నుల మీద సెకనుకు 500 కిలోబిట్ల వేగంతో ఒక లైను, 3, 11 పిన్నుల మీద 125 కిలోబిట్ల వేగంతో ఇంకో లైను ఉంటాయి. ఆడియో, ఏసీ వంటి మాడ్యూళ్లు చాలా మోడళ్లలో రెండో లైను మీద ఉంటాయి. మామూలు అడాప్టర్‌కు ఆ రెండో లైను ఉన్నట్టే తెలియదు.

దీనికి మార్కెట్లో మూడు పరిష్కారాలున్నాయి. మొదటిది యూఎస్‌బీ ఈఎల్‌ఎం కేబుల్‌కు పక్కన చిన్న స్విచ్ బిగించినది. స్కాన్ మధ్యలో ఫోర్‌స్కాన్ ఆగి స్విచ్ మార్చమని అడుగుతుంది, మనం వేలితో మార్చి సరే అని నొక్కాలి. కోడ్లు చదవడానికి ఇది నడుస్తుంది కానీ స్విచ్ ఏ వైపున్నదో మరిచిపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, ఆ స్విచ్‌లు కూడా నాసిరకంగా ఉండి కొన్నాళ్లకు వదులవుతాయి. రెండోది వీగేట్ కంపెనీ వీలింకర్ ఎఫ్‌ఎస్. లైన్లను సాఫ్ట్‌వేర్ ఆదేశంతో తనే మార్చుకుంటుంది. మూడోది ఓబీడీలింక్ ఈఎక్స్, యూఎస్‌బీ మాత్రమే, అమెరికాలో రమారమి 60 డాలర్లు. ఫోర్‌స్కాన్ కోసం నేను నిస్సంకోచంగా చెప్పేది ఈ మూడోదే. దీనిలో ఉన్నది ఈఎల్‌ఎం నకలు కాదు, ఓబీడీ సొల్యూషన్స్ వారి సొంత ఎస్‌టీఎన్ చిప్పు. రెండు లైన్లలోని మాడ్యూళ్ల జాబితా ఎక్కడా ఆగకుండా ఒక్క దఫాలో వస్తుంది, పెద్ద కాన్ఫిగరేషన్ చదివేటప్పుడు తడబడదు. బ్లూటూత్ లేకపోవడం కొందరికి లోటుగా తోస్తుంది. నా లెక్కలో అది మేలే, ఎందుకంటే రాసే పనికి తీగ కనెక్షనే క్షేమం. ఫోన్‌లో వాడుకోవాలనుకునేవాళ్లకు అదే కంపెనీ ఎంఎక్స్ ప్లస్ ఉంది, ఐఫోన్‌తోనూ కలుస్తుంది, ధర రెట్టింపు పైచిలుకు. మామూలు బ్లూటూత్ డబ్బాలు ఐఫోన్‌తో కలవవనీ, వైఫై గానీ బ్లూటూత్ లో ఎనర్జీ గానీ ఉన్నదే కొనాలనీ ఐఫోన్ వాడేవాళ్లు గుర్తుంచుకోవాలి.

రాసే పని చేసేముందు ప్రతి మాడ్యూల్ పాత సెట్టింగుల నకలు లాప్‌టాప్‌లో భద్రం చేసుకోవడం, బ్యాటరీకి చార్జర్ తగిలించి వోల్టేజి పడిపోకుండా చూసుకోవడం ఎంత మంచి అడాప్టర్ ఉన్నా తప్పవు. డీజిల్ బండిలో డీపీఎఫ్ అనే పొగ ఫిల్టర్‌లో చేరిన మసిని నిలబడినచోటే కాల్చే పని ఫోర్‌స్కాన్‌తో చేసేవాళ్లు బండిని ఆరుబయట, ఎండుగడ్డి, ఆకులు లేనిచోట పెట్టాలి. సైలెన్సర్ గొట్టం ఆ సమయంలో ఎంత వేడెక్కుతుందో దగ్గరికి వెళితే ముఖానికే తెలుస్తుంది.

జర్మన్ కార్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. బీఎండబ్ల్యూ ఎఫ్ సిరీస్ నుంచి వాడే ఈనెట్ కేబుల్ చూడడానికి ఒక చివర ఓబీడీ ప్లగ్గు, రెండో చివర ఇంటర్నెట్ తీగకుండే ప్లగ్గు ఉన్న సాదా వస్తువు. అయితే 8వ పిన్నుకు 16వ పిన్ను నుంచి 510 ఓంల రెసిస్టర్ ద్వారా వోల్టేజి అందితేనే కారులోని ఈథర్నెట్ మేల్కొంటుంది. కేబుల్ కొన్నాక మల్టీమీటర్‌తో ఆ రెండు పిన్నుల మధ్య కొలవండి. 510కి దగ్గరగా వస్తే రెసిస్టర్ ఉన్నట్టు, ఏమీ రాకపోతే తిరిగి పంపేయవలసిన కేబుల్. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలకు రాస్-టెక్ వారి వీసీడీఎస్ సాఫ్ట్‌వేర్, వారి సొంత హెక్స్-వీ2 అడాప్టర్ చాలాకాలంగా నమ్మకమైన జోడీ. ఈఎల్‌ఎం డబ్బాతో ఆ సాఫ్ట్‌వేర్ పని చేయదు. యూరప్‌లో 2020 ప్రాంతంలో వచ్చిన ఎనిమిదో తరం గోల్ఫ్ నుంచి ఈ కంపెనీ ఎస్‌ఎఫ్‌డీ అనే రక్షణ పెట్టింది. ఆ తాళం ఉన్నది లైను మీద కాదు, మాడ్యూల్ లోపల. కంపెనీ సర్వర్ నుంచి అనుమతి వచ్చేదాకా మాడ్యూల్ తన సెట్టింగులు మార్చనివ్వదు. ఇలాంటి కారుకు బైపాస్ కేబుల్ ఉందని ఎవరైనా అమ్మజూపితే కొనకండి, లైనును ఎటు తిప్పినా ఆ తాళం మాడ్యూల్‌తోనే ఉంటుంది.

బైపాస్ కేబుల్‌కు నిజంగా అర్థమున్నది తాళం లైను మీద ఉన్నచోటే, దానికి మంచి ఉదాహరణ జీప్, రామ్, డాడ్జ్, క్రైస్లర్ బండ్లు. 2015 జులైలో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు నడుస్తున్న జీప్ చెరొకీని దాని యూకనెక్ట్ రేడియోలోని మొబైల్ కనెక్షన్ ద్వారా ఎక్కడో కూర్చుని అదుపు చేసి చూపించారు. ఈ బండ్లను తయారు చేసే కంపెనీ అమెరికాలో దాదాపు 14 లక్షల వాహనాలను రీకాల్ చేయవలసి వచ్చింది. ఆ తరువాత 2018 మోడళ్ల నుంచి సెక్యూరిటీ గేట్‌వే అనే మాడ్యూల్ రావడం మొదలైంది. ఒకవైపు రేడియో, ఓబీడీ సాకెట్, మరోవైపు ఇంజిన్, బ్రేకులు తదితరాల క్యాన్ లైన్లు, మధ్యలో ఈ గేట్‌వే. చదవమనే ఆదేశాలను లోపలికి పోనిస్తుంది. కోడ్లు చెరపడం, ఫ్యాన్ తిప్పి చూడడం, బ్రేకుల్లో గాలి తీయడం, సెట్టింగులు మార్చడం వంటి ఆదేశాలను అనుమతి లేనివాళ్ల నుంచి ఆపేస్తుంది. నా ఉద్దేశంలో కంపెనీ చేసిన పని సరైనదే. బండి సొంతదారుకు ఆ అనుమతి తేలికగా దొరికే దారి మొదటి రోజు నుంచే ఉండవలసింది.

అమెరికా, కెనడాలలో ఉన్నవాళ్లకు 2020 నుంచి ఆటోఆథ్ అనే నమోదు పద్ధతి ఉంది. షెడ్డు యజమాని తన స్కానర్‌ను అక్కడ నమోదు చేసుకుంటే, ఆటెల్, లాంచ్ వంటి కంపెనీల పెద్ద స్కానర్లు ఇంటర్నెట్ ద్వారా గేట్‌వేకు అనుమతి చూపించి మామూలు సాకెట్ నుంచే అన్ని పనులూ చేస్తాయి. రోజూ ఈ బండ్లు చూసే మెకానిక్‌కు ఇదే సరైన దారి, కేబుల్ జోలికి పోనక్కరలేదు. జేస్కాన్, ఆల్ఫాఓబీడీ వంటి యాప్‌లతో తన సొంత బండిని మాత్రమే చూసుకునే మనిషికి 12+8 కేబుల్ అవసరమవుతుంది. గేట్‌వే మాడ్యూల్‌కు వచ్చే రెండు కనెక్టర్లలో ఒకదానికి 12 పిన్నులు, రెండోదానికి 8 పిన్నులు. ఆ పేరు అలా వచ్చింది. నిస్సాన్ కొన్ని కార్లకు వాడేది 16+32, అది వేరే కేబుల్, ఒకదాని చోట ఇంకొకటి నడవదు. మాడ్యూల్ నుంచి రెండు కనెక్టర్లనూ ఊడదీసి కేబుల్‌కు తగిలిస్తే రెండో చివరనున్న ఓబీడీ సాకెట్ నేరుగా లోపలి లైన్లతో కలుస్తుంది.

డాలస్‌లో ఉండే మా అన్నయ్య రాంగ్లర్‌కు ఈ కేబుల్ బిగించేటప్పుడు పక్కనే ఉన్నాను. ముందు బ్యాటరీ నెగటివ్ తీసి, స్టీరింగ్ కాలమ్ పక్కన కిందినుంచి చెయ్యి పెట్టి వెతికితే గేట్‌వే అందింది. ఇదే కంపెనీ మరికొన్ని మోడళ్లలో రేడియో ఊడదీస్తేగానీ కనిపించదు. కనెక్టర్ లాక్‌ను బొటనవేలితో నొక్కిపట్టి లాగాలి, వైర్లు పట్టి లాగితే పిన్నులు లోపలే వదులవుతాయి. చేతిలో ఉన్న రెండు కేబుళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసింది. చవకదాని ప్లగ్గులకు లాక్ పళ్లు సరిగా పడలేదు, టిక్కుమన్న శబ్దం రాకుండానే కూర్చుంది, లోపల వైర్లు విడివిడిగా పోతున్నాయి. మంచిదానిలో క్యాన్ లైనుకుండే రెండు వైర్లు, అంటే క్యాన్ హై, క్యాన్ లో, జడలా మెలివేసి ఉన్నాయి, బయటి కరెంటు రొద ఆ జంట మీద సమానంగా పడి కొట్టుకుపోవడానికే అలా మెలివేస్తారు. అడుగు పొడవు కేబుల్‌కు మెలి లేకపోయినా నడవవచ్చు, పొడుగైనవాటికి మాత్రం మెలి ఉందా అని అడిగి కొనండి.

కొన్న కేబుల్ ఏదైనా బండికి పెట్టేముందు మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి, 16వ పిన్నుకు గానీ గ్రౌండు పిన్నులకు గానీ క్యాన్ పిన్నులు ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. 12 వోల్టుల కరెంటు క్యాన్ లైనులోకి పోతే దాని మీదున్న ప్రతి మాడ్యూల్‌కూ ముప్పే. ఇది చూసుకోవడానికి పట్టే సమయం చాలా తక్కువ.

12+8 కంటే నాకు నచ్చిన పద్ధతి ఇంకొకటుంది. ఈ బండ్లలో క్యాన్ లైన్లు ఒకచోట చేరే స్టార్ కనెక్టర్ అనే జంక్షన్ డ్యాష్‌బోర్డు వెనుక ఉంటుంది, దానిలో ఖాళీ రంధ్రం ఉంటే దానికి సరిపోయే కేబుల్ తగిలించి పని చేసుకోవచ్చు. గేట్‌వేను ఊడదీయనక్కరలేదు కాబట్టి రేడియోతో సంబంధం తెగదు, కమ్యూనికేషన్ పోయిందనే యూ-కోడ్లు వచ్చి పడవు. జంక్షన్ చోటు మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి వెతకడం కాస్త కష్టమే, అయినా నేనైతే ముందు ఇదే ప్రయత్నిస్తాను.

రెండు పద్ధతుల్లో దేనినైనా పని అయ్యేంతవరకే బండిలో ఉంచాలి. బండి సెట్టింగులు మార్చే టేజర్ లాంటి యాక్సెసరీల కోసం బైపాస్ దిమ్మను శాశ్వతంగా బిగించి వదిలేసేవాళ్లున్నారు. గేట్‌వే లేని లైనుకు ఒక చవక బ్లూటూత్ డబ్బా తగిలించి బండిని వీధిలో నిలిపితే, 2015కు ముందున్న పరిస్థితిని మన చేతులతో మనమే తిరిగి తెచ్చుకున్నట్టు. ఇది ఊహాగానం కాదు. అదే ఏడాది ఆగస్టులో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఓబీడీ సాకెట్‌కు పెట్టిన ఒక డాంగుల్‌కు ఎస్‌ఎంఎస్ పంపి కార్వెట్ కారు బ్రేకులను ఆడించి చూపించారు. నకలు డబ్బాల్లో చాలావాటి పాస్‌వర్డు 1234 అని, మార్చడానికి వీలుండదని తెలిసి కూడా అలా వదిలేయడం ఇంట్లోవాళ్ల ప్రాణాలతో పందెం కట్టడమే.

బైపాస్ సంగతి లేకపోయినా అడాప్టర్‌ను సాకెట్‌లో వదిలేయకపోవడానికి బ్యాటరీ ఒక కారణం. బండి ఆపి తాళంచెవి తీసినా 16వ పిన్నుకు కరెంటు వస్తూనే ఉంటుంది. 50 మిల్లీ ఆంపియర్లు తాగే డబ్బా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, పది రోజుల్లో 12 లాగేస్తుంది. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అది పావు వంతు పైమాటే, పాత బ్యాటరీ అయితే సెల్ఫ్ అందుకోదు. ఎంఎక్స్ ప్లస్ లాంటివి బండి ఆగాక తమంతట తాము నిద్రపోయేలా తయారు చేసినవి. దూరప్రయాణంలో గేజీలు చూసుకోవడానికి ఎప్పుడూ తగిలించి ఉంచుకునేవాళ్లు ఆ గుణానికే ఎక్కువ డబ్బు పెట్టాలి.

జనరల్ మోటార్స్ 2020 తరువాతి కొన్ని బండ్లలో క్యాన్ ఎఫ్‌డీ అనే వేగవంతమైన పద్ధతి ఉంది, ఈఎల్‌ఎం చిప్పులకు అది రాదు, స్కానర్ కంపెనీలు అమ్మే ప్రత్యేక క్యాన్ ఎఫ్‌డీ అడాప్టర్ కావాలి. టెస్లా మోడల్ 3, మోడల్ వై బండ్లలో లైను దొరికేది వెనుక సీట్ల ముందున్న కన్సోల్ వెనుక, దానికి వేరే హార్నెస్ కేబుల్ కావాలి, అది కూడా బండి తయారైన సంవత్సరాన్ని బట్టి మారుతుంది.

కొనేముందు దుకాణదారును నేనడిగే మాటలు ఇవి. మీ అడాప్టర్ ఏ చిప్పుతో తయారైంది, నా బండికి వాడదలచిన సాఫ్ట్‌వేర్ వాళ్ల జాబితాలో ఈ మోడల్ పేరు ఉందా, కేబుల్ అయితే ఏ పిన్ను ఎక్కడికి పోతుందో చూపించే బొమ్మ ఇస్తారా, సరిపోకపోతే వెనక్కి తీసుకుంటారా. మూడో ప్రశ్నకు జవాబు చెప్పలేని చోట బైపాస్ కేబుల్ కొనను. కోడ్లు చదివితే చాలనుకునే మారుతి, హ్యుందాయ్ యజమానికి నకలు డబ్బా మీద కూడా వెయ్యి రూపాయలకు మించి పెట్టవద్దని చెబుతాను. ఫోర్డ్ ఉన్నవాళ్లు ఈఎక్స్ కొనాలి, అందుబాటులో లేకపోతే వీలింకర్ ఎఫ్‌ఎస్. జీప్ ఉన్నవాళ్లు ముందు ఎంఎక్స్ ప్లస్, తమ మోడల్‌కు సరిపోయే యాప్ కొనుక్కుని, కోడ్లు చదివి, చెరపవలసిన అవసరం నిజంగా వచ్చిన రోజున కేబుల్ తెప్పించుకోవచ్చు.